ఎవరూ కొట్టలేదు, మరి కారు అద్దం ఎందుకు పగిలింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గొడవ, కారు పక్క అద్దాలు, అంటే డోర్ కిటికీలకుండే గాజు. అందుకే టైర్లూ బ్యాటరీల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి నెట్టేసి పేజీ మొత్తం గాజుకే ఇచ్చేశాను. బ్యాటరీల వాళ్ళు తిట్టుకోకండి, మీ వంతూ వస్తుంది.

ప్రశ్న: సార్, నిన్న మొన్నటిదాకా ఏ ప్రాబ్లమూ లేని కారు. నేనే డ్రైవ్ చేస్తున్నా, పెద్ద రోడ్డు, స్పీడ్ ఒక 80 ఉంటుంది, ముందు లారీ లేదు, పక్కన బండి లేదు, అద్దాలన్నీ ఎత్తే ఉన్నాయి. ఉన్నట్టుండి వెనకాల ఢామ్మని తుపాకీ పేలినట్టు సౌండ్, టైర్ పోయిందేమో అనుకుని తిరిగి చూస్తే వెనక ఎడమ పక్క అద్దమే లేదు, సీటు నిండా వడగళ్ళు పోసినట్టు గాజు ముక్కలు. రోజూ మా పాప కూర్చునే సీటది, ఆ రోజు తను లేదు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు మా ఆయనేమో రాయి తగిలుంటుందంటారు, మెకానిక్ ఎండ వేడికంటాడు, ఇన్సూరెన్స్ తరఫున చూడ్డానికొచ్చినాయనైతే "అద్దం ఊరికే పగలదు మేడమ్, ఎవరో కొట్టుంటారు" అని నా వైపే అనుమానంగా చూశాడు. ఎవరు చెప్పేది కరెక్ట్?

జవాబు: మీ ఆయనా మెకానిక్కూ తలా కొంచెం కరెక్టేనండి, కానీ ముగ్గురూ వెతుకుతున్న చోటు తప్పు. అద్దం పగిలిన ఆ నిమిషంలో ఏం జరిగిందా అని చూస్తున్నారు, అసలు సంగతి అంతకు చాలా ముందే, వారాలో నెలలో ముందే జరిగిపోయి ఉంటుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది, జనం కాకిని పట్టుకున్నారు, మీ కేసు సరిగ్గా ఇదే.

ముందు ఈ గాజు ఎలాంటిదో తెలిస్తే మిగతాది దానంతటదే అర్థమైపోతుంది. కారు పక్క అద్దాల్లో ఎక్కువగా వాడేది టెంపర్డ్ గ్లాస్. మామూలు గాజుని కావాల్సిన సైజుకి కోసి, అంచులు నూరి, కన్నాలేవైనా పెట్టాల్సుంటే పెట్టేసి, అప్పుడు 620 డిగ్రీల పైకి వేడి చేసి, రెండు వైపుల నుంచీ గాలి గట్టిగా కొట్టి గబగబా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడిపోతుంది, లోపలిది ఇంకా వేడిగానే ఉంటుంది, అది నిదానంగా చల్లారుతూ ముడుచుకుందామని చూస్తే అప్పటికే బిగుసుకుపోయిన పైపొర అడ్డం పడుతుంది, దాంతో లోపలిది పైదాన్ని లాగుతూ, పైది నొక్కుకుపోతూ, ఆ పెనుగులాట ఇంక జీవితాంతం అలాగే ఉండిపోతుంది. బయటికి ప్రశాంతంగా కనపడుతుంది గానీ అది ఎక్కుపెట్టి ఉంచిన విల్లే. ఆ పైపొర మీద ఉండే నొక్కుడు తక్కువలో తక్కువ 69 మెగాపాస్కల్స్, అంటే మామూలు వాతావరణ ఒత్తిడికి సుమారు 680 రెట్లు.

ఈ నొక్కుడు వల్లే అది మామూలు గాజు కన్నా నాలుగైదు రెట్లు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే గాజు పగలాలంటే గీత విచ్చుకోవాలి, నొక్కిపెట్టి ఉన్న పొరలో గీత విచ్చుకోలేదు. కానీ ఆ పొర మందమెంత? ఒక్కో వైపు మొత్తం మందంలో ఐదో వంతు. మీ డోర్ గ్లాస్ 4 మిల్లీమీటర్లనుకుంటే ఆ రక్షణ పొర 0.8 మిల్లీమీటర్, అంతే. ఏ గుంటో, పెచ్చో అంతకన్నా లోతుకి వెళ్ళి లాగుడు ఉన్న చోటుని తాకిందా, ఇంక ఆపేవాడు లేడు, పగులు సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో చీలికలు చీలికలుగా పరిగెడుతుంది. అర మీటరు అద్దం దాటడానికి సెకనులో మూడువేలవ వంతు చాలు. మీరు తిరిగి చూసేసరికి అద్దం లేకపోవడంలో వింతేం లేదు, కనురెప్ప వేసేలోపే అది కొన్ని వందలసార్లు పగలగలదు. ఆ సౌండ్ కూడా ఎవరో కొట్టింది కాదు, లోపల దాచుకున్న బలమంతా ఒక్కసారి వదిలేసిన సౌండ్.

ఈ వింత కొత్తదేం కాదండోయ్. కరిగిన గాజు బొట్టుని నీళ్ళలో పడేస్తే తోకతో ఉన్న కన్నీటి చుక్కలా గట్టిపడుతుంది, దాని తల మీద సుత్తితో కొట్టినా ఏమీ కాదు, తోక చివర వేలితో విరిస్తే మాత్రం మొత్తం పొడి అయిపోతుంది. ప్రిన్స్ రూపర్ట్ అనే ఆయన వీటిని ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్‌కి ఇస్తే, ఆయన 1661లో ఇదేంటో చూడండయ్యా అని రాయల్ సొసైటీ పండితులకి ఇచ్చాడు. మీ వెనక సీటు మీద జరిగింది ఆ తోక విరిగిన కథే.

సరే, తోక ఎవరు విరిచారు? ఎప్పుడో ఒక చిన్న రాయి తగిలుంటుంది, మ్యూజిక్ సౌండ్‌లో మీకు వినపడి కూడా ఉండదు, అది ఆ 0.8లో చాలావరకు తవ్వేసి ఊరుకుంది. గాజులో ఇంకో గుణం ఉంది, అద్దం ఊగి గీత కాస్త తెరుచుకున్నప్పుడల్లా దాని కొసలో గాలిలో ఉండే తేమ చేరి కొద్దికొద్దిగా గాజుని కొరుకుతుంది, ఆ గీత మన కంటికి కనపడకుండా నిదానంగా లోపలికి దిగుతుంది. అలా దిగీ దిగీ ఒక రోజు హద్దు దాకా వస్తుంది, ఆ రోజు రోడ్డు మీద చిన్న గతుకు, లేదా గాలి ఒత్తిడి, లేదా నీడలోంచి ఎండలోకి రావడం, ఏదైనా చాలు. మీ ఆయన చెప్పిన రాయి నిజమే కావొచ్చు, కానీ ఆ రోజుది కాదు. మెకానిక్ చెప్పిన ఎండ ఆఖరి తోపు కావొచ్చు, కారణం కాదు. ఆ మూడో ఆయన్ని వదిలేయండి.

ఇంకో కారణం కూడా ఉంది, అరుదు. గాజు తయారయ్యేటప్పుడు ఎక్కడో నికెల్ ఉన్న లోహపు రజను, సల్ఫర్ కలిసి నికెల్ సల్ఫైడ్ అనే రవ్వ గాజులో ఇరుక్కుపోతుంది, సైజు మిల్లీమీటర్లో పదో వంతు ఉండొచ్చు. అది 379 డిగ్రీల పైన ఒక రూపంలో, కింద ఇంకో రూపంలో ఉంటుంది. టెంపర్ చేసేటప్పుడు గబుక్కున చల్లార్చేస్తారు కదా, దానికి రూపం మార్చుకునే టైమ్ దొరకదు, అందుకని గాజులో కూర్చుని తీరిగ్గా నెలలూ సంవత్సరాలూ తీసుకుని మారుతుంది, మారేటప్పుడు 2 నుంచి 4 శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బు లాగుడు ఉన్న నడిమి పొరలో పడితే అద్దం నిజంగానే ఎవరూ ముట్టుకోకుండా పేలుతుంది. పెద్ద పెద్ద బిల్డింగుల గాజు గోడల్లో దీని బెడద ఎక్కువ, అందుకే ఆ గాజుని ఫ్యాక్టరీలోనే 260 నుంచి 290 డిగ్రీల వేడిలో కాసేపు ఉంచి పగిలేవాటిని అక్కడే పగలనిస్తారు. కారు అద్దం పలచన, చిన్నది, దాంట్లో గాజే తక్కువ, కాబట్టి రవ్వ ఉండే ఛాన్సూ తక్కువ. నన్నడిగితే కారు విషయంలో ముందు పాత దెబ్బల్ని, ముఖ్యంగా అంచుల మీద పడ్డవాటిని అనుమానించాలి, రవ్వ సంగతి ఆఖర్న.

ప్రశ్న: ఎండలో నాలుగు గంటలు నిలిపిన కారెక్కి ఏసీ ఫుల్లుగా పెట్టి బయల్దేరా, రెండు కిలోమీటర్లు వెళ్ళేసరికి డ్రైవర్ పక్క అద్దం పగిలింది. ఇంకెప్పుడూ ఏసీ ఫుల్లు పెట్టకూడదా?

జవాబు: పెట్టుకోండి, భయం లేదు. మంచి టెంపర్డ్ గ్లాస్ ఒక చోటికీ ఇంకో చోటికీ సుమారు 200 డిగ్రీల తేడా ఉన్నా తట్టుకుంటుంది. మామూలు కిటికీ గాజైతే 40 దగ్గరే చీలుతుంది, అది వేరే సంగతి. మీ కారులో ఎంత ఎండున్నా, ఎంత ఏసీ ఉన్నా ఆ 200 దరిదాపులకి కూడా వెళ్ళదు. అంటే మీ అద్దానికి ఎక్కడో ముందే దెబ్బుంది, ఏసీ మీద నింద పడింది. కాకపోతే దెబ్బ తిన్న అద్దానికి ఈ లెక్క వర్తించదు, కాబట్టి కాలిపోతున్న అద్దం మీద బకెట్టుతో చన్నీళ్ళు కొట్టే సరదా ఉంటే మానుకోండి, ఎక్కేముందు రెండు నిమిషాలు డోర్లు తీసిపెట్టి వేడి పోనివ్వండి, మీ ప్రాణానికి కూడా హాయి.

ప్రశ్న: నా కారు డ్రైవర్ పక్క అద్దం దించితే కరకర, ఎత్తితే టకటక, సగం దించి డోర్ వేస్తే జల్లుమంటుంది. ఏడాది నుంచీ ఇంతే, అలవాటైపోయింది. కొందరి కార్లకి పేలినట్టు నాదీ పేలుతుందా?

జవాబు: ఏడాది నుంచి అది మొత్తుకుంటుంటే మీరు అలవాటు చేసుకున్నారన్నమాట! ఈ ప్రశ్నకి కొంచెం ఎక్కువ చోటిస్తున్నా, ఎందుకంటే పైవాళ్ళకి చెప్పింది జరిగిపోయిన కథ, మీకింకా టైముంది.

టెంపర్డ్ గ్లాస్ మధ్యలో పిడికిలితో గుద్దినా ఊరుకుంటుంది, అంచు మీద చిన్న ఇనప ముక్క గుచ్చుకుంటే ఊరుకోదు. డోర్ గ్లాస్ విషయంలో పెద్ద చిక్కేంటంటే దాని కింది అంచు మనకెప్పుడూ కనపడదు, డోర్ లోపల క్లాంపుల్లో ఉంటుంది, రెగ్యులేటర్ దాన్ని పైకీ కిందికీ లాగుతుంది. కరకర అంటే సాధారణంగా రబ్బర్ బీడింగ్ సందులో ఇసుక, దించినప్పుడల్లా ఉప్పుకాగితంతో రుద్దినట్టే. టకటక అంటే క్లాంపో రెగ్యులేటరో లూజు, లేదా క్లాంపుకీ గాజుకీ మధ్య ఉండాల్సిన రబ్బరు ముక్క జారిపోయి ఇనుము నేరుగా గాజుకి తగులుతోంది, మీ మూడు కంప్లైంట్లలో నాకు భయం వేసేది ఇదే. ఇక సగం దించి డోర్ విసిరెయ్యడం, అలా ఉన్నప్పుడు అద్దానికి పైన ఆసరా ఉండదు, కింద పట్టుకున్న చోట మీదే మొత్తం ఊగుతుంది. పూర్తిగా ఎత్తో పూర్తిగా దించో డోర్ వెయ్యండి, నిదానంగా.

నా సంగతి కూడా చెప్తా, నవ్వకండి. కొత్త స్పీకర్లు పెట్టిద్దామని డోర్ ప్యాడ్ ఊడదీయించా, పని చేసినాయన ఒక స్క్రూ డోర్ లోపల పడేసుకుని వెతకడానికి బద్ధకించి ప్యాడ్ బిగించేశాడు. రెండు నెలలు ఏ చప్పుడూ లేదు. తర్వాతొక రోజు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, బండి కదలట్లేదు, ఎవడూ దగ్గర లేడు, అద్దం ఫట్. అందరూ పక్కనున్న బైకు అబ్బాయిని అనుమానించారు పాపం. కొత్త అద్దం వేయించేటప్పుడు డోర్ అడుగున ఆ స్క్రూ దొరికింది, అద్దం పూర్తిగా దించినప్పుడల్లా దాని కింది అంచు వెళ్ళి ఆ స్క్రూ మీదే కూర్చునేదన్నమాట. అప్పట్నుంచీ డోర్ ప్యాడ్ ఎవరు తీసినా ఎన్ని స్క్రూలు తీశారు, ఎన్ని బిగించారు అని పక్కన నిలబడి లెక్కపెడతా, వాళ్ళు విసుక్కుంటారు, విసుక్కోనీ.

మీరు చేయాల్సింది ఏంటంటే ఈ వారంలోనే ప్యాడ్ తీయించి క్లాంపులు, బోల్టులు చూపించండి. బోల్టు మరీ బిగించేసినా తప్పే. అద్దం రెండు వేళ్ళంత దించి పై అంచు పొడవునా మొబైల్ టార్చ్ వేసి చూడండి, ఎక్కడైనా పెచ్చు లేచినట్టు తళుక్కుమంటే ఆలోచించకుండా మార్చేయండి, ముందు అద్దానికి పడ్డ చుక్క లాగా దీన్ని జిగురుతో నింపి బాగుచేసే పద్ధతి లేదు, కోయడానికీ కన్నం పెట్టడానికీ కూడా వీల్లేదు, టెంపర్ అయ్యాక ముట్టుకుంటే పొడే. బీడింగ్ సందుల్ని తడిగుడ్డతో తుడిచి ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టండి, గ్రీజు వద్దు, అది రబ్బర్ని పాడుచేసి ఇసుకని ఇంకా పట్టుకుంటుంది. సన్ ఫిల్మ్ వేయించుకునే వాళ్ళు కూడా వినండి, ఫిల్మ్‌ని అద్దం మీదే పెట్టి అంచున బ్లేడుతో గీసి కోసే వాళ్ళున్నారు, ఆ గీత అంచు మీదే పడుతుంది, బయట కోసుకుని తెచ్చి అంటించమనండి.

ప్రశ్న: పక్క అద్దం పగిలినప్పుడు బండి నడుపుతూ ఉంటే ఏం చెయ్యాలి? నేనైతే కంగారులో సడన్ బ్రేక్ వేశా, వెనకాయన నన్ను గుద్దబోయాడు.

జవాబు: మీరే చెప్పేశారు, అద్దం చెయ్యని ప్రమాదం బ్రేక్ చేయబోయింది. స్టీరింగ్ రెండు చేతుల్తో పట్టుకోండి, అద్దం పోయినంత మాత్రాన బండికేం కాదు, గాలీ శబ్దం లోపలికొస్తాయంతే. మిర్రర్లలో వెనక చూసుకుని, ఇండికేటర్ వేసి, నిదానంగా పక్కకి తీసి ఆపండి. కళ్ళు మాత్రం నలుపుకోవద్దు, ఎంత దురదపెట్టినా సరే, కంట్లో పడిందనిపిస్తే నీళ్ళతో కడిగి డాక్టర్ దగ్గరికెళ్ళండి. ఒంటి మీద ముక్కలుంటే చేత్తో దులపకుండా దిగి బట్టలు విదిలించుకోండి. ఫిల్మ్ ఉన్న అద్దమైతే పగిలినా సాలెగూడులా అక్కడే నిలబడుతుంది, దాన్ని స్విచ్ నొక్కి కిందికి దించారో ముక్కలన్నీ డోర్ లోపలికే, అప్పుడు పని డబుల్. బయట నుంచి వెడల్పాటి టేపు అంటించి అలాగే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి.

శుభ్రం చేసేటప్పుడు సీటు పైది ఊడ్చేస్తే అయిపోలేదు, సీటు సందుల్లో, సీట్‌బెల్టు లోపలికి చుట్టుకునే చోట, డోర్ అడుగున మిగిలిపోతాయి. డోర్ అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలుంటాయి, గాజు వాటిని మూసేస్తే వాన నీళ్ళు డోర్లో నిలిచి తుప్పు పడుతుంది, ముక్కలు వాక్యూమ్‌తో లాగించాకే కొత్త అద్దం వేయించండి, లేకపోతే కొత్త అద్దం వెళ్ళి పాత ముక్కల మీదే కూర్చుంటుంది. నా స్క్రూ గుర్తుంది కదా.

ప్రశ్న: ముందు అద్దం కూడా ఇలా పేలి మొహం మీద పడుతుందా?

జవాబు: పడదు. అది లామినేటెడ్, రెండు పలచటి గాజుల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టి అతికించింది, పగిలినా ముక్కలు ఆ పొరనే పట్టుకుని ఉంటాయి. ఎడ్వార్డ్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచి ఆయన 1903లో ల్యాబులో ఒక గాజు కుప్పె కింద పడినా ముక్కలు చెదిరిపోకపోవడం చూసి, అంతకుముందు దాంట్లో ఉన్న సెల్యులోజ్ ద్రావణం ఆరిపోయి లోపల పొర కట్టిందని కనుక్కుని, 1909లో పేటెంట్ తీసుకున్నాడు. మీరు భయపడాల్సింది ముందు అద్దం గురించి కాదు, మీకు కారు పైకప్పులో గాజుందా, ఉంటే అది టెంపర్డా లామినేటెడా అని చూసుకోండి, టెంపర్డ్ అయితే ఇదే రోగం దానికీ రావొచ్చు, అది తల మీద ఉంటుంది.

ప్రశ్న: పక్క అద్దం ఇంత తేలిగ్గా పగిలేదైతే, కారు నీళ్ళలో పడినప్పుడు లోపలున్నవాళ్ళు ఎంత తన్నినా పగలదెందుకు?

జవాబు: మంచి ప్రశ్న, నాకు ఈసారి బాగా నచ్చింది ఇదే. కాలితో తన్నితే బలమంతా వెడల్పుగా పరుచుకుంటుంది, అద్దం వంగి మళ్ళీ లేస్తుంది. దానికి కావాల్సింది బలం కాదు, ఒక్క చుక్క మీద మొన. అందుకే స్ప్రింగుతో పనిచేసే చిన్న గ్లాస్ బ్రేకర్ అద్దం మూలకి ఆనించి నొక్కితే చిన్నపిల్లలైనా పగలగొట్టగలరు, నీళ్ళలో సుత్తి ఊపడమే కష్టం. సీటు తలదిండు పీకి దాని కడ్డీలతో కొట్టమంటారు కొందరు, దాన్ని ఆ పనికి చెయ్యలేదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. ఇంకో ముఖ్యమైన మెలిక, ఇప్పుడు కొన్ని కార్లకి పక్క అద్దాలు కూడా లామినేటెడ్ వేస్తున్నారు, బయటి చప్పుడు తగ్గుతుందని, యాక్సిడెంట్లో మనిషి బయటికి ఎగిరి పడకుండా ఉంటాడని. అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ 2019లో ఇలాంటి ఆరు బ్రేకర్లని పరీక్షిస్తే నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి, లామినేటెడ్ దాన్ని ఒక్కటీ పగలగొట్టలేదు. అద్దం కింది మూలలో చిన్న అక్షరాలతో సాధారణంగా రాసుంటుంది, ఏది ఏదో ఈ రోజే వెళ్ళి చూసుకోండి, కొన్ని కార్లలో ముందువి లామినేటెడ్ పెట్టి వెనకవి టెంపర్డ్ ఉంచుతారు, అప్పుడు బయటపడే దారి వెనకే.

ప్రశ్న: పగిలిన ముక్కలన్నీ డబ్బాలో దాచిపెట్టా. వాటిని చూసి కారణం చెప్పగలరా? కంపెనీ మీద కంప్లైంట్ ఇద్దామని.

జవాబు: డబ్బాలోకి వెళ్ళాక కష్టమండి. అద్దం ఫ్రేములోనే నిలబడి ఉన్నప్పుడు ఫోటో తీసుంటే కొంత చెప్పొచ్చు, పగుళ్ళన్నీ ఒక చోట నుంచి సూర్యకిరణాల్లా బయల్దేరతాయి, ఆ చోటు అంచు మీదుంటే అంచు దెబ్బ, అద్దం మధ్యలో ఉండి అక్కడ రెండు పెద్ద ముక్కలు సీతాకోకచిలుక రెక్కల్లా ఆనుకుని ఉంటే ఆ నికెల్ రవ్వని అనుమానిస్తారు, ఆ రెండు ముక్కల మధ్య మైక్రోస్కోపులో రవ్వ కనపడితే ఖాయం. మీ డబ్బా పూర్తిగా పనికిరాదని కాదు, పక్కపక్కన అతుక్కుని ఉన్న పెద్ద ముక్కలేవైనా ఉంటే వాటిని విడదీయకుండా వేరే కవర్లో పెట్టండి, అద్దం మూల మీద అక్షరాలున్న ముక్క దొరికితే అదీ దాచండి, తయారీ వివరాలు అందులోనే ఉంటాయి. అవి, బిల్లు, పగిలిన టైమూ కిలోమీటర్లూ రాసిన కాగితం కలిపి కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి, మీ దగ్గర వాహన భద్రత చూసే ప్రభుత్వ విభాగానికి కూడా ఒక కాపీ పంపండి, ఒకే మోడల్ మీద ఇలాంటివి పదీ ఇరవై చేరితే అప్పుడు వాళ్ళు కదులుతారు. మిగతా ముక్కలు పారేసేటప్పుడు చెత్త తీసేవాళ్ళ చేతులకి గుచ్చుకోకుండా మందపాటి అట్టపెట్టెలో వేసి టేపు చుట్టి పైన "గాజు" అని రాయండి.